రాడ్డు సాగి చెబుతుంది, రాయి చెప్పకుండా విరుగుతుంది: లోడు కింద మెటీరియల్స్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మెటీరియల్ టెస్టింగ్ ల్యాబులో పని కాబట్టి నా దగ్గరికి రకరకాల జనం వస్తుంటారు. ఎస్ఓఎం (స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్) సప్లీ నెత్తిమీదికొచ్చాక పరుగెత్తుకొచ్చే డిప్లొమా, బీటెక్ పిల్లలు కొందరు, ఇల్లు మొదలుపెట్టి షాపాయన ఒకటి చెబితే మేస్త్రీ ఇంకొకటి చెప్పి మధ్యలో నలిగిపోయేవాళ్లు కొందరు, ఆటోనగర్ నుంచి విరిగిన ముక్క గుడ్డలో చుట్టుకుని వచ్చేవాళ్లు ఇంకొందరు. అందరిదీ చివరికి ఒకటే ప్రశ్న, "ఇది ఎంత గట్టిది సార్?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: ఎట్లాంటి లోడుకి? లాగితేనా, నొక్కితేనా, వంచితేనా, ఒక్కసారిగా దెబ్బ కొడితేనా, రోజూ వేలసార్లు ఊపితేనా, ఎర్రటి వేడిలో ఏళ్ల తరబడి వేలాడదీస్తేనా? దాన్ని బట్టి జవాబు పూర్తిగా మారిపోతుంది. కింద ఉన్నవాటిని వరుసగానే చదవాలని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

స్ట్రెస్ అంటే బరువే కదా, మళ్లీ వేరే పేరెందుకు?

బరువు ఎంత విస్తీర్ణం మీద పంచుకుంటుందో చెబితేనే అది స్ట్రెస్. 12 ఎంఎం రాడ్డు అడ్డుకోత 113 చదరపు మిల్లీమీటర్లు. దానికి ఒక టన్ను వేలాడదీస్తే చదరపు మిల్లీమీటరుకి దాదాపు 87 న్యూటన్లు పడతాయి, అంటే 87 ఎంపీఏ. అదే టన్ను 8 ఎంఎం రాడ్డుకి కడితే 195 దాటుతుంది. బరువు మారలేదు, రాడ్డు పడే బాధ మారింది.

స్ట్రెయిన్ అంటే ఎంత సాగిందో దాన్ని అసలు పొడవుతో భాగించడం, అంతే. పైన చెప్పిన 12 ఎంఎం రాడ్డు 3 మీటర్ల పొడవుంటే ఆ టన్ను బరువుకి సుమారు 1.3 మిల్లీమీటర్లు సాగుతుంది, బరువు తీసేస్తే మళ్లీ మొదటి పొడవుకి వచ్చేస్తుంది. కంటికి కనిపించదు కాబట్టి ఇనుము సాగదనుకుంటాం, కానీ లోడు పడ్డాక సాగనిదీ కుంచించుకోనిదీ ఏదీ లేదు, గ్రానైటు రాయి కూడా.

యూటీఎంలో (రాడ్డుని లాగి, నొక్కి చూసే టెస్టింగ్ మెషీన్‌లో) రాడ్డు పెట్టి లాగితే నిజంగా ఏం జరుగుతుంది? పుస్తకంలో ఆ వంకర గీత అర్థం కావట్లేదు.

ఆ గీతని బట్టీ పట్టేముందు ఒకసారి మెషీన్ పక్కన నిలబడి చూడండి, కాలేజీలో పదిమంది వెనక నిలబడి కాకుండా ముందు నిలబడి. పాత రకం మైల్డ్ స్టీల్ రాడ్డు తీసుకుందాం, ఎందుకంటే అన్ని దశలూ స్పష్టంగా కనిపించేది దాంట్లోనే. మొదట లోడు చూపించే ముల్లు ఒకే తీరున ఎక్కుతూ పోతుంది, లోడుకి తగ్గట్టు సాగుడు, ఇదే హుక్ సూత్రం పనిచేసే భాగం. తర్వాత ఒకచోట ముల్లు ఆగిపోతుంది, కొంచెం వెనక్కి కూడా వస్తుంది, మెషీన్ లాగుతూనే ఉంటుంది కానీ లోడు పెరగదు. సరిగ్గా అప్పుడే రాడ్డు మీదున్న నల్లటి పొట్టు పెచ్చులు పెచ్చులుగా రాలి కింద ప్లేటు మీద పడుతుంది. లోపల ఇనుము కదిలింది, పైన అంటుకున్న పొట్టు దానితోపాటు సాగలేక ఊడింది. యీల్డ్ అంటే అదీ. ఇక్కడి నుంచి లోడు తీసేసినా రాడ్డు పాత పొడవుకి రాదు.

ఆ తర్వాత ముల్లు మళ్లీ ఎక్కుతుంది, ఈసారి నెమ్మదిగా, ఎందుకంటే సాగిన ఇనుము సాగనిదానికంటే బిరుసెక్కుతుంది. గరిష్ఠ లోడు దాటాక ఒక్కచోట నడుము సన్నబడటం మొదలవుతుంది, ఇక సాగుడంతా అక్కడే. ముల్లు దిగుతుంటే పిల్లలు అడుగుతారు, రాడ్డు బలహీనపడిందా అని. లేదు. మనం మొదటి అడ్డుకోతతోనే భాగిస్తున్నాం కాబట్టి గీత దిగినట్టు కనిపిస్తుంది, నడుము దగ్గర మిగిలిన సన్నటి అడ్డుకోతతో భాగిస్తే ట్రూ స్ట్రెస్ పెరుగుతూనే ఉంటుంది. చివరికి తుపాకీ పేలినట్టు శబ్దం, రెండు ముక్కలు, ఒకటి గిన్నెలా గుంట పడి, రెండోది దాంట్లో కూర్చునేలా మొన తేలి ఉంటుంది. వెంటనే ఆ నడుము ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉంటుంది, లాగడానికి పెట్టిన శక్తిలో ఎక్కువ భాగం వేడిగా మారింది మరి.

ఇప్పుడు ఇళ్లకి వాడే టీఎంటీ రాడ్డులో ఆ ఆగుడు అంత బాహాటంగా ఉండదు, కొన్నిట్లో అసలే కనిపించదు. అట్లాంటివాటికి 0.2 శాతం శాశ్వతంగా సాగిన చోట ఉన్న స్ట్రెస్‌నే యీల్డ్ కింద లెక్కవేసి ప్రూఫ్ స్ట్రెస్ అంటారు. ఎగ్జామ్‌లో రెండు మార్కులకి ఇంతకన్నా రాయక్కర్లేదు.

షాపాయన 500 బదులు 550 తీసుకోమంటున్నాడు, స్లాబు వంగకుండా ఉంటుందట. నిజమేనా?

వంగడం వరకైతే నిజం కాదు. ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రాడ్డు మీద 500 అని ఉంటే చదరపు మిల్లీమీటరుకి కనీసం 500 న్యూటన్ల దాకా యీల్డ్ కాదని అర్థం. 12 ఎంఎం రాడ్డు లెక్కన దాదాపు 5.7 టన్నులు. 550 అయితే ఇంకో పది శాతం పైకి వెళుతుంది. కానీ ఆ హద్దులోపల ఒక టన్నుకి ఎంత సాగుతుందనేది యంగ్స్ మాడ్యులస్ చేతిలో ఉంటుంది, అది 250 గ్రేడుకైనా 415కైనా 550కైనా ఒకటే, సుమారు 2 లక్షల ఎంపీఏ. ఇనుప అణువుల మధ్య బంధం ఎంత బిగువో దాన్ని బట్టి వచ్చే సంఖ్య అది, కార్బను కొంచెం పెంచినా, నీళ్లతో చల్లార్చినా దాదాపు కదలదు. అంటే బలం వేరు, బిగువు వేరు. పైగా 550 కదా అని రాడ్లు తగ్గించి వేశారనుకోండి, మొత్తం ఇనుము తగ్గి వంగడం ఇంకొంచెం పెరుగుతుంది కూడా.

స్లాబు వంగుతుందని భయమైతే చూడాల్సింది మందం. వంపుని ఆపే శక్తి మందానికి మూడో ఘాతంలో పెరుగుతుంది, 4 అంగుళాల స్లాబుని 5 అంగుళాలు చేస్తే బిగువు దాదాపు రెట్టింపు. సొంత బరువు పాతిక శాతం పెరుగుతుంది, అయినా లాభమే. ఆ మందం ఎంతో డిజైన్ చేసే ఇంజినీరు చెప్పాలి, షాపాయనా కాదు, నేనూ కాదు.

మరి ఆ 'డీ' ఏంటి? 500, 500డీ?

సాగే గుణం ఎక్కువున్న రకం. రాడ్ల మీద ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం మామూలు 500 తెగేలోపు కనీసం 12 శాతం సాగాలి, 500డీ 16 శాతం. 550కి 10, 550డీకి 14.5. గంధకం, భాస్వరం హద్దులు కూడా డీ రకానికి కట్టుదిట్టం. నన్నడిగితే ఇంటికి సంఖ్య పెంచుకోవడం కన్నా డీ ఉన్నది తీసుకోవడం మేలు. సాగే రాడ్డు ఉన్న బీము ఓవర్‌లోడ్ అయితే ముందు పగుళ్లు చూపిస్తుంది, కిందికి దిగుతుంది, మనుషులు బయటికి వెళ్లే టైమ్ ఇస్తుంది.

కాంక్రీటు అంత గట్టిదైతే రాడ్డు ఎందుకు? సజ్జలో రాడ్డు పైన ఎందుకు?

కాంక్రీటుని నొక్కితే గట్టిది, లాగితే తేలిపోతుంది. ఎం20 (20 ఎంపీఏ నొక్కుడు తట్టుకోవాల్సిన) కాంక్రీటు 150 మిల్లీమీటర్ల క్యూబు 28 రోజుల తర్వాత 45 టన్నుల దాకా మోయాలి. అదే కాంక్రీటుని వంచితే లాగుడు వైపు 3 ఎంపీఏ చుట్టుపక్కలే పగులు వస్తుంది. 20 ఎక్కడ, 3 ఎక్కడ?

రెండు గోడల మీద కూర్చున్న స్లాబు వంగితే పైభాగం నొక్కుకుంటుంది, అడుగు సాగుతుంది, కాబట్టి రాడ్డు అడుగున. సజ్జ, బాల్కనీ ఒకవైపే పట్టుకుని గాలిలోకి పొడుచుకొస్తాయి, అక్కడ అంతా తిరగబడుతుంది, పైభాగం సాగుతుంది, రాడ్డు పైనే ఉండాలి. ఇది తెలియని మేస్త్రీ లేడు, కానీ స్లాబు పోసే రోజు ఏమవుతుందో చూడండి: మాలు తట్టలు మోసేవాళ్లు ఆ పై రాడ్ల మీదే నడుస్తారు, పై రాడ్లని ఎత్తి పట్టే ఇనుప కుర్చీలు సరిగా పెట్టకపోతే రాడ్లు కిందికి నొక్కుకుపోతాయి, కాంక్రీటు కప్పేశాక ఎవరికీ కనిపించదు. 5 అంగుళాల సజ్జలో పైన ఉండాల్సిన రాడ్డు మధ్యకి జారితే దాని పట్టు దాదాపు సగం పోయినట్టే, అడుగుకి జారితే రాడ్డు లేనట్టే. సెంట్రింగ్ తీసిన రోజే సజ్జ ఊడిపడిందని విన్నప్పుడల్లా నాకు ముందు వచ్చే అనుమానం ఇదే. పోసేటప్పుడు అక్కడ నిలబడండి. పలకలు పరిచి నడవమని చెప్పండి, కోపం తెచ్చుకున్నా పర్లేదు.

ఇనుము, కాంక్రీటు జత కుదరడానికి ఇంకో కారణముంది, రెండూ ఎండకి దాదాపు ఒకే లెక్కన వ్యాకోచిస్తాయి. లేకపోతే మన మే నెల ఎండకే విడిపోయేవి.

వేయిస్తంభాల గుడిలో అన్ని స్తంభాలెందుకు? అందం కోసమేనా?

అందమూ ఉంది, కానీ రాయి గుణం కూడా ఉంది. గ్రానైటుని నొక్కితే 100 నుంచి 250 ఎంపీఏ దాకా మోస్తుంది, మన ఇళ్ల కాంక్రీటుకి ఎన్నో రెట్లు. వంచితే మాత్రం 10, 15 దగ్గరే, లోపల కనిపించని నెర్రె ఉంటే అంతకన్నా ముందే, ఠక్కున విరిగిపోతుంది. సాగడం, ముందుగా చెప్పడం దానికి తెలియదు. పెళుసు పదార్థాల తీరే అది. గాజు మీద సన్నటి గీతలు బలాన్ని ఎంత పడగొడతాయో ఎ.ఎ. గ్రిఫిత్ అనే బ్రిటిష్ ఇంజినీరు 1921లో లెక్కకట్టి చూపించాడు.

రాతి దూలం పొడవు రెట్టింపు చేస్తే సొంత బరువుకే అడుగు భాగంలో లాగుడు నాలుగు రెట్లవుతుంది. రాడ్డు లేదు, ఉన్నది రాయే. కాబట్టి దూలాలు పొట్టిగా పెట్టాలి, పొట్టిగా పెట్టాలంటే స్తంభాలు దగ్గర దగ్గరగా రావాలి. 1163 నాటి ఆ గుడిలో స్తంభాల మధ్య నడుస్తూ ఒకసారి తలెత్తి దూలాల పొడవు చూడండి. వరంగల్ కోటలో కీర్తితోరణాల దగ్గరికి వెళ్లినా ఇదే లెక్క కనిపిస్తుంది, స్తంభం తల నుంచి బయటికి వచ్చిన రాతి బోదెలు అడ్డదూలానికి కింద నుంచి చేయి ఇచ్చి మధ్య ఖాళీని తగ్గిస్తాయి. చెక్కుడు చూసి ఫోటో దిగి వచ్చేస్తాం కానీ అసలు పని చేస్తున్నది ఆ బోదెలే.

పాలంపేట రామప్ప గుడిలో ఇంకో తెలివి, 1213 నాటిది. శిఖరం నీళ్లలో తేలే తేలికపాటి ఇటుకలతో కట్టారు. బలం పెంచడం కన్నా పైబరువు తగ్గించడం సులువని అర్థమైనవాళ్లు చేసే పని అది, దానికి తోడు పునాది కింద ఇసుక పొర.

లారీ కమాన్ కట్ట (ఇరుసు మీద పట్టీలు పేర్చిన స్ప్రింగు) ఓవర్‌లోడ్ లేకుండానే విరిగింది. మాలు నకిలీదా?

కావచ్చు, కానీ ముందు విరిగిన ముఖం చూడండి, కడగకుండా, గ్రీజు రాయకుండా. అక్కడ రెండు రకాల భాగాలు కనిపిస్తే, ఒకటి నున్నగా, కొంచెం మసకబారి, చెరువు నీళ్లు దిగిపోయినప్పుడు ఒడ్డున మిగిలే చారల్లాంటి గీతలతో, ఇంకొకటి గరుకుగా కొత్త మెరుపుతో ఉంటే, అది ఇవాళ విరిగింది కాదు. నున్నటి భాగం నెలల తరబడి కొంచెం కొంచెంగా పగిలింది, గరుకుది చివర్లో మిగిలిన ఇనుము ఒక్క గుంతకి తెగింది. ఇదే ఫెటీగ్. తెగే లోడులో సగం కూడా పడక్కర్లేదు, పదే పదే పడితే చాలు.

ఇది మొదట పీడించింది రైళ్లనే. 1842లో ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గర ఇరుసు విరిగి పెద్ద రైలు ప్రమాదం జరిగింది. ఆ తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ఏళ్ల తరబడి తిప్పి తిప్పి పరీక్షలు చేసి, స్ట్రెస్ తగ్గేకొద్దీ ఎన్ని ఎక్కువ సార్లు తట్టుకుంటుందో తేల్చాడు. ఉక్కుకి ఒక హద్దు ఉంది, మామూలు గాలిలో, తుప్పు లేకుండా ఆ హద్దు కింద ఎన్ని లక్షల సార్లు ఊపినా పర్వాలేదన్నట్టు ఉంటుంది. అల్యూమినియానికి ఆ హద్దు లేదు, ఎంత తక్కువ లోడైనా ఎప్పుడో ఒకప్పుడు లెక్క తీరుతుంది, అందుకే విమానాలకి గంటలు, ఎగిరిన సార్లు లెక్కపెడతారు. 1954లో రెండు బ్రిటిష్ కామెట్ జెట్ విమానాలు గాలిలోనే విడిపోవడానికి కారణం బాడీలో రంధ్రాల మూలల దగ్గర మొదలైన ఫెటీగ్ పగుళ్లే.

కమాన్ కట్ట ఎక్కువగా మధ్య బోల్టు రంధ్రం దగ్గర విరగడానికి కారణం కూడా రంధ్రమే. వెడల్పాటి పట్టీలో చిన్న గుండ్రటి రంధ్రం వేసి లాగితే దాని అంచున స్ట్రెస్ మూడు రెట్లవుతుంది. కట్టని ఇరుసుకి బిగించే యూబోల్టులు బిగువుగా ఉన్నంతకాలం ఆ భాగం వంగదు, వదులైతే వంగుడు మొదలై పగులు పుడుతుంది. కాబట్టి కొత్త పట్టీ వేయించినవాళ్లు కొన్నాళ్లు నడిచాక యూబోల్టులు మళ్లీ బిగించుకోవాలి, ఇది చాలామంది చేయరు.

విరిగిన పట్టీని వెల్డింగ్ చేయించొద్దు. స్ప్రింగు ఉక్కులో కార్బను ఎక్కువ, వెల్డింగు పక్కన గాజులా పెళుసెక్కి అతుకు బాగానే ఉండి దాని పక్కనే విరుగుతుంది. ట్రాక్టర్ ట్రాలీ చాసిస్ వేరు, అది మామూలు మైల్డ్ స్టీలు, వెల్డింగు పడుతుంది. కానీ వెల్డింగు అతుకుల ఆయుష్షు స్ట్రెస్ మూడో ఘాతానికి విలోమంగా పడిపోతుంది. కరీంనగర్ గ్రానైటు బ్లాకులు వేసేవాళ్లు లోడు రెట్టింపు చేస్తే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతు.

హార్డ్‌నెస్, టఫ్‌నెస్ ఒకటి కాదా?

కాదు, చాలాసార్లు ఒకదానికొకటి ఎదురు కూడా. హార్డ్‌నెస్ అంటే గీత, గుంట పడకుండా ఆపడం, టఫ్‌నెస్ అంటే దెబ్బని మింగి విరగకుండా నిలబడటం. ఆకురాయికి మొదటిది దండిగా ఉంది, రెండోది లేదు, కింద పడేస్తే తెలుస్తుంది.

ఈ రెండిటి మధ్య బేరం ఎట్లా కుదురుస్తారో చూడాలంటే జమ్మికుంట వైపు ఏదైనా ఊళ్లో కొలిమి ఇంకా నడుస్తుంటే అక్కడికి వెళ్లండి. ఉలి మొన ఎర్రగా కాల్చి కొసని మాత్రం నీళ్లలో ముంచుతారు. అప్పటికి కొస గాజంత పెళుసు. వెంటనే రాయి మీద రుద్ది తెల్లగా మెరిపిస్తారు, వెనక భాగంలో మిగిలిన వేడి మెల్లగా కొస వైపు పాకుతుంటే ఆ మెరుపు మీద రంగులు కదులుతాయి, ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఊదా, నీలం. గడ్డి పసుపు అంటే 220, 230 డిగ్రీలు, నీలం అంటే 300 దగ్గర. పసుపు కొసకి చేరగానే మొత్తం ముంచేస్తారు. థర్మామీటరు లేదు, కంటి లెక్కే. దీన్నే మా పిల్లలు టెంపరింగ్ అని అరపేజీ రాస్తారు, చూసినవాళ్లు తక్కువ.

కొలవడానికి హార్డ్‌నెస్‌కి బ్రినెల్, రాక్‌వెల్, వికర్స్. బ్రినెల్‌లో 10 మిల్లీమీటర్ల గుండుని 3000 కిలోల బరువుతో నొక్కి గుంట వ్యాసం చూస్తారు. మామూలు ఉక్కుల్లో ఆ సంఖ్యని 3.45తో గుణిస్తే తెగే బలం ఎంపీఏలో సుమారుగా వస్తుంది, ముక్క కోయకుండా అంచనా కట్టడానికి పనికొస్తుంది. టఫ్‌నెస్‌కి చార్పీ, ఐజాడ్, గాడి పెట్టిన చిన్న ముక్కని లోలకంతో కొట్టి ఎంత శక్తి మింగిందో చూస్తారు.

చలి ఈ టఫ్‌నెస్‌ని పడగొడుతుంది. 1943 జనవరిలో స్కెనెక్టడీ అనే అమెరికా ట్యాంకరు ఓడ పోర్ట్‌లాండ్ రేవులో కదలకుండా ఉండగానే పెద్ద చప్పుడుతో రెండుగా చీలింది. లాగుడు పరీక్షలో బాగానే సాగే ఉక్కు చలిలో, గాడి ఉన్నచోట, పెళుసుగా మారింది. మన నిర్మాణ ఉక్కు ప్రమాణం ఐఎస్ 2062లో ఒకే గ్రేడు ఉక్కుకి బీఆర్, బీ0, సీ అని ఉపరకాలు ఉండేది ఇందుకే, ఇంపాక్టు పరీక్ష గది వేడిమిలోనా, 0 డిగ్రీల దగ్గరా, మైనస్ 20 దగ్గరా అని. వరంగల్‌లో షెడ్డు వేసుకునేవాళ్లకి దీంతో పని లేదు.

సెంట్రింగ్ కర్ర ఎంత బరువు మోస్తుంది?

కర్ర లావు ఒక్కటే చెబితే చెప్పలేను, పొడవు చెప్పండి. సన్నగా పొడవుగా ఉన్నది నలిగిపోకముందే పక్కకి వంగి తప్పుకుంటుంది, దీన్ని బక్లింగ్ అంటారు. 18వ శతాబ్దంలోనే గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ తేల్చాడు, పొడవు రెట్టింపైతే మోసే బరువు నాలుగో వంతుకి పడిపోతుంది. పార్కింగ్ కోసం ఎత్తు పెంచి, మామూలు అంతస్తుకి వాడిన లావు కర్రలే పెట్టి, రెండు ముక్కలు మేకులతో అతికి నిలబెడితే ప్రమాదం అక్కడే. మధ్యలో అడ్డంగా, ఏటవాలుగా కర్రలు కడితే పొడవు సగమైనట్టు, బలం నాలుగు రెట్లు. ఖర్చు మేకులు, రెండు కర్రలు.

పై అంతస్తు కోసం వదిలిన పిల్లర్ రాడ్లు వంచి ఉంచాం, ఇప్పుడు సాపు చేయొచ్చా?

ఒకసారి వంచిన చోట ఇనుము సాగే గుణంలో కొంత అప్పుడే ఖర్చయింది, తిరిగి సాపు చేస్తే ఇంకొంత. పెద్ద వంపుతో మెల్లగా వంచి ఉంటే చాలావరకు బతుకుతాయి, పైపు దూర్చి ఒకేచోట మడత పెట్టినట్టు వంచితే వంపు లోపలి వైపు రాడ్డు మీది గట్ల మొదట్లో సన్నటి పగుళ్లు ఉంటాయి. వైరు బ్రష్షుతో తుప్పు గీకి భూతద్దంతో చూడండి. పగులు ఉంటే ఆ రాడ్డు లెక్కలోకి తీసుకోవద్దు, ఇంజినీరుని పిలవండి.

గ్యాస్‌తో ఎర్రగా కాల్చి సాపు చేస్తామనే సలహా వస్తుంది, ఒప్పుకోవద్దు. మిల్లులో ఎర్రటి రాడ్డు మీద నీళ్లు కొట్టి పైపొరని గట్టిపరిచి, లోపలి వేడితోనే ఆ పొరని టెంపర్ చేసి తయారుచేసేదే టీఎంటీ. రాడ్డు కోసి నున్నగా సానబట్టి నైట్రిక్ ఆమ్లం కలిపిన స్పిరిట్ రాస్తే చుట్టూ ముదురు ఉంగరం, మధ్యలో లేత బొట్టు స్పష్టంగా కనిపిస్తాయి. ఎర్రగా కాల్చి వదిలేస్తే ఆ ఉంగరం పోతుంది, మీరు 500కి డబ్బులిచ్చి అంతకన్నా చాలా తక్కువది గోడలో పెట్టినట్టు.

ఎండకి పట్టాలు వంకర పోతాయంటారు, ఇనుముకి అదేం లెక్క?

వేడికి సాగనివ్వకపోతే స్ట్రెస్ వస్తుంది. కాజీపేట మీదుగా పోయే లైన్లలో పట్టాలు పొడుగ్గా వెల్డింగు చేసి ఉంటాయి, సాగడానికి జాగా లేదు. 30 డిగ్రీలు పెరిగితే చదరపు మిల్లీమీటరుకి 72 న్యూటన్ల నొక్కుడు, మీటరుకి 60 కిలోల పట్టాలో అది 55 టన్నుల పైమాట. యీల్డ్‌కి దూరమే, కానీ పైన చెప్పిన బక్లింగ్ ఇక్కడికీ వస్తుంది, పక్కకి తప్పుకోకుండా పట్టుకునేది స్లీపర్లు, కంకరే. అందుకే కంకర సరిగా లేనిచోట మే నెల మధ్యాహ్నం భయం.

పవర్ ప్లాంటులో బాయిలర్ ట్యూబు మారుస్తూ ఉంటారు, ప్రెషర్ పెరగకపోయినా ఎందుకు?

చెల్పూరులో, రామగుండంలో పనిచేసేవాళ్లకి ఈ మాట తెలుసు: క్రీప్. ఆవిరి 540 డిగ్రీల దగ్గర ఉంటుంది. లోహం కరిగే ఉష్ణోగ్రతలో, కెల్విన్‌లో లెక్కిస్తే, సుమారు 40 శాతం దాటాక స్థిరమైన లోడు కింద కూడా మెల్లమెల్లగా సాగుతూనే ఉంటుంది. ఉక్కుకి అది 430, 440 డిగ్రీల చుట్టుపక్కల మొదలవుతుంది. ట్యూబు వ్యాసం ఏళ్ల మీద కొంచెం కొంచెం ఉబ్బుతుంది, గోడ పలచబడుతుంది, లోపల సూక్ష్మమైన ఖాళీలు పుట్టి కలుస్తాయి. క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కులు వాడేది దాన్ని వాయిదా వేయడానికే, ఆపడానికి కాదు. షట్‌డౌన్‌లో ట్యూబు వ్యాసం, మందం కొలిచేది ఎంత ఆయుష్షు మిగిలిందో చూడటానికి.

కోనసముద్రం ఉక్కు గురించి చెప్పేవన్నీ నిజమేనా?

సగం గొప్పలు తీసేసినా మిగిలింది గొప్పదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసిన మూసల్లో ఉక్కు కరిగించేవాళ్లు, దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు ఇక్కడిదాకా వచ్చేవాళ్లు, 1832లో అచ్చయిన, వాయ్‌సే అనే ఆంగ్లేయ డాక్టరు రాసిన వివరణలో ఆ పనితీరు ఉంది. కార్బను 1 నుంచి 2 శాతం. అంత కార్బనున్న ఉక్కుని మామూలు ఇనుములా తెల్లగా కాల్చి కొడితే పొడిపొడిగా చిట్లుతుంది, తక్కువ వేడిలో ఓపికగా కొట్టాలి. అది తెలియకే యూరప్ కమ్మరులు దాంతో తంటాలు పడ్డారు. కత్తి మీద నీటి అలల్లాంటి గీతలు ఇనుము, కార్బను కలిసిన గట్టి కార్బైడు వరుసలే. కానీ దాంతో స్లాబు వేయలేం, సాగే గుణం చాలదు.

కాంక్రీటు క్యూబు రిజల్ట్ బాగానే వచ్చింది, ఇక ఇల్లు ఢోకా లేదా?

క్యూబు మీ కాంక్రీటు మిక్స్ గురించి చెబుతుంది, స్లాబు గురించి కాదు. క్యూబుని నీళ్ల తొట్టిలో 28 రోజులు ఉంచారు, స్లాబుని ఎండలో వదిలేశారు. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటుకి 10, మనలాంటి ఎండల్లో మామూలు సిమెంటుకీ 10 రోజులు తడి ఆరనివ్వకూడదని, కలిపిన సిమెంటుకి 14 దాకా పెంచితే మేలని కాంక్రీటు కోడు ఐఎస్ 456 చెబుతుంది. పొద్దునా సాయంత్రం పైపు పట్టి చిలకరిస్తే మధ్యాహ్నానికి ఆరిపోతుంది, మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలపండి. ఇంకోటి, మాలు జారుగా ఉండాలని లెక్కకి మించి నీళ్లు పోస్తే ఆ నీళ్లు ఆవిరై సందులు మిగులుతాయి, ఆ సందులే బలాన్ని తినేస్తాయి.

సేఫ్టీ ఫ్యాక్టర్ ఉంది కదా, కొంచెం తగ్గినా పర్లేదు కదా?

ఈ మాట అన్నవాళ్లు ముగ్గురైతే ఫ్యాక్టర్ అయిపోయినట్టే. ఐఎస్ 456లో లోడుని 1.5తో పెంచుతారు, కాంక్రీటు బలాన్ని 1.5తో, ఇనుముని 1.15తో తగ్గిస్తారు. ఇనుముకి తక్కువ ఎందుకంటే అది మిల్లులో ఒకే తీరున తయారవుతుంది, కాంక్రీటు మన వాకిట్లో తయారవుతుంది. మేస్త్రీ తగ్గించింది, షాపాయన తగ్గించింది, మీరు తర్వాత పైన పెట్టించిన వాటర్ ట్యాంకు, అన్నీ ఆ ఒక్క ఖాతాలోంచే పోతాయి.

ల్యాబుకి వెళ్లకుండా రాడ్డు చెక్ చేసుకునే దారి ఉందా?

బలం తెలియదు కానీ మోసం తెలుస్తుంది. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 ఎంఎం 395 గ్రాములు, 12 ఎంఎం 888 గ్రాములు, 16 ఎంఎం 1.58 కిలోలు. 10 ఎంఎం వరకు 7 శాతం, 10 దాటి 16 దాకా 5 శాతం, ఆ పైన 3 శాతం తేడా వరకు కోడు ఒప్పుకుంటుంది. సరిగ్గా మీటరు ముక్క కోయించి కిరాణా కాటా మీద పెట్టండి, 12 ఎంఎం అని ఇచ్చింది 830 గ్రాములు తూగితే వెనక్కి పంపండి. టన్నుల లెక్కన కొన్నాం కదా, నష్టమేముంది అనుకోవద్దు, ఇంజినీరు లెక్కేసింది 113 చదరపు మిల్లీమీటర్లకి, కిలోలకి కాదు. తర్వాత షాపులో మిల్ టెస్ట్ సర్టిఫికెట్ అడిగి దానిమీద హీట్ నంబరు (ఏ విడతలో కరిగించిన ఉక్కో చెప్పేది), మీ కట్టకి వేలాడే ట్యాగు మీది నంబరు ఒకటేనా చూడండి. ఆ కాగితంలో యీల్డ్ ఒక్కటే చూసి వదిలేయకండి, తెగే బలం యీల్డ్ కన్నా 500కైతే కనీసం 8 శాతం, 500డీకైతే 10 శాతం ఎక్కువుందా, సాగుడు శాతం ఎంతుందో కూడా చూడండి.